రోజుకి 43 సార్లు "ఏం కాదులే"

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. అయినా ఊరు, పనులు, ఇంకొన్ని వివరాలు మార్చేశాను, కాబట్టి చదువుతుంటే మీకు తెలిసిన ఎవరో గుర్తొస్తే మన ఇళ్ళు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి గుర్తొచ్చారనుకోండి. పిల్లాడిని చిన్ను అందాం. 9 ఏళ్ళు, నాలుగో క్లాసు, కోస్తాలో ఒక మోస్తరు టౌను. నాన్న లారీ డ్రైవర్, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. నాయనమ్మ వీళ్ళతోనే ఉంటుంది.

నా దగ్గరికి, అంటే సైకాలజిస్టు దగ్గరికి, వచ్చేసరికి నవంబర్ మొదటి వారం. బట్టల షాపు కవర్ నిండా కాగితాలు పట్టుకొచ్చారు. సెప్టెంబర్ నుంచి రోజూ పొద్దున కడుపునొప్పి. ముందు వాము నీళ్ళు, తర్వాత దిష్టి, తర్వాత వీధిలో ఆర్‌ఎంపీ ఇచ్చిన నులిపురుగుల మందు (ఆగస్టులో స్కూల్లో ఇచ్చే ఆల్బెండజోల్ అప్పటికే వేసుకున్నాడు, ఆ సంగతి ఎవరూ అడగలేదు), గ్యాస్ టాబ్లెట్లు, యూరిన్ టెస్టు, సీబీపీ, ఆఖరికి స్కానింగ్. స్కానింగ్ రిపోర్టులో మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్ (పేగుల దగ్గరుండే చిన్న గ్రంథులు) కొంచెం పెద్దవిగా ఉన్నాయని రాశారు. ఈ లైను నేను వారానికి ఒక రిపోర్టులోనైనా చూస్తాను, ఏ నొప్పీ లేని పిల్లలకి స్కాన్ తీసినా చాలామందిలో కనిపించేవే అవి. కానీ నాయనమ్మకి దాన్ని ఎవరో "కడుపులో గడ్డలు" అని చెప్పారు. ఆవిడ ఏడుస్తుంటే పక్కనే కూర్చున్న పిల్లాడు విన్నాడు. వైద్యం కోసం వెళ్ళి ఇంకో భయం మోసుకొచ్చారన్నమాట.

నా దగ్గరికి పంపింది ఒక పిల్లల డాక్టర్ గారు. ఆయన చీటీ మీద రాసినవి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే "ఇది టెన్షన్ వల్లే" అనేముందు చూసుకోవాల్సినవి అవే. బరువు, ఎత్తు వయసుకి తగ్గట్టే పెరుగుతున్నాయి. నొప్పితో రాత్రి నిద్రలోంచి లేవడం లేదు. జ్వరం, పచ్చ వాంతులు, మలంలో రక్తం లేవు. నొప్పి ఎక్కడ అంటే బొడ్డు చుట్టూ అరచెయ్యి మొత్తం పెట్టి చూపిస్తాడు, పక్కకి ఒక్కచోట వేలు పెట్టి చూపించడు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నేను కౌన్సెలింగ్ మొదలుపెట్టకుండా వెనక్కి పంపేసేదాన్ని.

ఇంక టైమింగ్. నొప్పి పొద్దున ఏడుంపావుకి, అమ్మ యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే మొదలవుతుంది. పదిన్నరకి, అంటే ఇంక స్కూలుకి పంపరు అని ఖాయమయ్యాక, తగ్గుతుంది. ఆదివారం ఉండదు, ఆదివారం సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. దసరా సెలవుల్లో ఒక్క రోజు కూడా లేదు. ఇది విని నాన్న ఫోన్లోనే "చూశారా మేడం, దొంగ కడుపునొప్పి" అన్నాడు. అప్పటికి ఒకసారి బలవంతంగా బండి మీద ఎత్తుకెళ్ళి స్కూలు గేటు దగ్గర దించేసి వచ్చాడు కూడా, వాడు యూనిఫాం మీదే వాంతి చేసుకున్నాడు.

నేను ఆయనకి చెప్పింది ఇదీ. మీరు కొండ రోడ్డు మీద లోడుతో దిగుతుంటే బ్రేకు సరిగ్గా పడలేదనుకోండి, ఆ క్షణం కడుపులో ఏమవుతుంది? అది దొంగదా? భయం వచ్చినప్పుడు పేగుల కదలిక మారుతుంది, కడుపు బిగుసుకుంటుంది, నొప్పి నిజంగానే వస్తుంది. మీకైతే రోడ్డు కనిపిస్తుంది కాబట్టి భయం అని తెలుస్తుంది, వాడికి కడుపు మాత్రమే తెలుస్తోంది. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి వాడికి కనపడని రోడ్డేంటి" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ తప్పు దారిలో వెళ్ళాను.

నేను తప్పు పట్టుకున్న దారి

స్కూలుకి వెళ్ళే టైముకి నొప్పి అంటే స్కూల్లో ఏదో ఉంది అనుకున్నాను, ఎవరైనా అలాగే అనుకుంటారు. నోట్సులు తెప్పించి చూశాను, చేతిరాత బాగానే ఉంది, చదవడం రాయడంలో ఇబ్బందేం లేదు, మార్కులు మధ్యస్థం. తోటి పిల్లలు ఏడిపిస్తున్నారా అంటే లేదన్నాడు. లెక్కల సారు స్కేలుతో కొడతారు అని మాత్రం చెప్పాడు. నేను దాన్ని పట్టేసుకున్నాను. పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, ఆ విషయం స్కూలు వాళ్ళతో మాట్లాడటం ఎలాగూ అవసరమే, మాట్లాడాను. కానీ అదే కారణం అని కేసు మూసేసినంత పని చేశాను, వాడి క్లాసు సెక్షన్ మార్పించాను. నాలుగు రోజులు చక్కగా వెళ్ళాడు. అమ్మ ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పింది. అయిదో రోజు మళ్ళీ ఏడుంపావుకి నొప్పి.

నేను చూడాల్సింది నా ఫైల్లోనే ఉంది. స్కేర్డ్ అని ఒక ప్రశ్నావళి ఉంటుంది, 41 ప్రశ్నలు, పిల్లలకొకటి, తల్లిదండ్రులకొకటి, మొత్తం 25కి వస్తే ఆందోళన సమస్య ఉండొచ్చని లెక్క. అమ్మ చెప్పినదాన్ని బట్టి 39, పిల్లాడు చెప్పినదాన్ని బట్టి 17. ఇంత తేడా ఉన్నప్పుడు మనం అమ్మ ఎక్కువ చెప్తోందేమో అనుకుంటాం. నేనూ అనుకున్నాను. కానీ పిల్లాడి 17లో సగానికి పైగా ఒకే రకం ప్రశ్నల్లోంచి వచ్చాయి, అమ్మానాన్నలకి దూరంగా ఉండటం గురించిన ప్రశ్నలు. స్కూలు గురించిన ప్రశ్నలకి పెద్దగా ఏం లేదు. మొత్తం చూసి పక్కన పెట్టేశాను, విడిగా చూడలేదు.

అప్పుడు అమ్మని మళ్ళీ కూర్చోబెట్టి పొద్దున కాకుండా మిగతా రోజంతా ఎలా ఉంటాడు అని అడిగాను. బాత్రూంకి వెళ్ళినా తలుపు బయట నిలబడతాడట. రాత్రి లేచి అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడట. నాన్న ఫోన్ రెండుసార్లు ఎత్తకపోతే అన్నం తినడట. రోజంతా "ఏం కాదుగా?" అని అడుగుతూనే ఉంటాడు, అమ్మ మిషన్ తొక్కుతూనే "ఏం కాదులే నాన్నా" అంటూనే ఉంటుంది. ఎన్నిసార్లు అంటారు అంటే తెలీదు మేడం, లెక్కలేదు అంది. సరే లెక్కపెడదాం అన్నాను. రెండు గిన్నెలు, ఒకదాంట్లో చింతగింజలు. వాడు అడిగిన ప్రతిసారీ ఒక గింజ ఇటు నుంచి అటు. మర్నాడు రాత్రి మెసేజ్ పెట్టింది: 43.

స్కూలుకి వెళ్ళని రోజున 43. అంటే ఇంట్లో, అమ్మ ఎదురుగా ఉండగా.

ఏం జరిగిందంటే

తర్వాత సెషన్లో మీ ఇల్లు గీయి అన్నాను. గీశాడు. మంచం మీద అమ్మ పడుకుని ఉంది, గుమ్మం బయట ఆటో, దాని పక్కన చీకటి అని చెప్పడానికేమో పెన్సిల్‌తో నల్లగా రుద్దేశాడు. నువ్వెక్కడ అంటే "నేను నిద్రపోతున్నా, అందుకే లేను" అన్నాడు.

ఆగస్టు చివర్లో అమ్మకి డెంగ్యూ వచ్చింది. రాత్రి రెండింటికి ఆటోలో తీసుకెళ్ళి అడ్మిట్ చేశారు, ఆరు రోజులు. పిల్లాడు లేస్తే ఏడుస్తాడని లేపలేదు. పొద్దున నాయనమ్మ "అమ్మ అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళిందిరా, వచ్చేస్తుంది" అని చెప్పి స్కూలుకి పంపింది. స్కూల్లో ఇంటర్వెల్‌లో పక్కింటి పిల్లాడు "మీ అమ్మకి ప్లేట్‌లెట్స్ పడిపోయాయంట, చచ్చిపోతారంట" అన్నాడు. ఇంటికొచ్చి అడిగితే నాయనమ్మ "ఛీ ఛీ అలాంటి మాటలు అనకూడదు" అంది.

వాడి లెక్క ఏంటో వాడే చెప్పాడు, నేను ఊహించింది కాదు: "నేను స్కూల్లో ఉన్నప్పుడు అమ్మని తీసుకెళ్తే నాకు ఇంట్లో చెప్పరు. ఎవరో చెప్తారు."

ఈ ఒక్క వాక్యంతో కేసు మొత్తం తిరిగిపోయింది. అమ్మకి జబ్బు చేయడం కన్నా చెప్పకుండా పోవడం వాడిని ఎక్కువ దెబ్బతీసింది. మన ఇళ్ళలో పిల్లల కళ్ళుగప్పి వెళ్ళడం ఎంత మామూలో మీకు తెలుసు, ఆ పక్క చూడు కాకి అని చూపించి ఈ పక్క నుంచి జారుకుంటాం. నాన్న కూడా డ్యూటీకి ఎప్పుడూ వాడు నిద్రపోయాకే బయలుదేరతాడు, ఏడుపు చూడలేక. వాడి అనుభవంలో మనుషులు మాయమయ్యేది వాడు చూడనప్పుడే. మరి కాపలా కాయక ఏం చేస్తాడు.

దీన్ని విడిపోయే ఆందోళన అంటాం, సెపరేషన్ యాంగ్జైటీ. పిల్లల్లో కనీసం 4 వారాలు ఉండి, చదువుకో నిద్రకో అడ్డం వస్తే ఆ పేరు పెడతాం. వీడికి అప్పటికి మూడు నెలలు దాటింది.

పనిచేయనివి, నావి రెండు

సెక్షన్ మార్చడం ముందే చెప్పాను. అది కాక ఊపిరి ఎక్సర్‌సైజ్ ఒకటి, పొట్ట బెలూన్‌లా ఉబ్బించి మెల్లగా వదలడం. వాడు చాలా చక్కగా నేర్చుకున్నాడు, మరీ చక్కగా. గేటు దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు బెలూన్ ఊపిరి తీస్తూ ప్రేయర్ అయిపోయేదాకా లోపలికి వెళ్ళేవాడు కాదు, "ఇంకా పూర్తవలేదు" అని. ఊపిరి పద్ధతి చెడ్డదని కాదు, రాత్రి నిద్రపట్టడానికి అదే బాగా పనికొచ్చింది. భయం పూర్తిగా పోయాకే లోపలికి వెళ్ళాలి అని వాడు అర్థం చేసుకున్నాడు, ఎందుకంటే నేను దాన్ని అలాగే చెప్పాను.

ఇంకోటి ఫోన్. డిసెంబర్ మొదట్లో స్కూలు ఆఫీసు నుంచి 10:45కి అమ్మకి ఒక కాల్ చేసుకోవచ్చు అని ఏర్పాటు చేశాను. మొదటి వారం బ్రహ్మాండం. రెండో వారం నుంచి పది గంటలకే నొప్పి మొదలైంది, కాల్ కోసం. ఒకరోజు మిషన్ చప్పుడులో అమ్మకి రింగ్ వినపడలేదు. వాడు ఆఫీసు రూంలో నేల మీద పడి అరుస్తుంటే ఆయమ్మ పట్టుకుని కూర్చుంది, అమ్మ ఆటోలో పరిగెత్తింది. ఆ రోజు గింజలు 61. ధైర్యం కోసమని నేను పెట్టిన కాలే రోజూ ఒక పరీక్షలా తయారైంది, ఒక్కసారి ఫెయిలైతే చాలు.

అప్పుడు అర్థమైంది 43 సార్లు "ఏం కాదులే" అనడం కూడా ఇదే పని చేస్తోందని. జవాబు విన్నాక పది నిమిషాలు హాయి, తర్వాత మళ్ళీ దురద. గోకినకొద్దీ పెరిగే దురద.

పనిచేసినవి

మొదట నిజం చెప్పడం. నా రూంలోనే అమ్మ చెప్పింది, "ఆ రోజు నిన్ను లేపకుండా వెళ్ళిపోయాను నాన్నా. నువ్వు ఏడుస్తావని. లేపాల్సింది." వాడు మొదట అడిగింది, "ప్లేట్‌లెట్స్ ఎన్ని?" అమ్మ నా వైపు చూసింది, చెప్పండి అన్నాను. 28 వేలు. "మామూలుగా ఎన్నుండాలి?" లక్షన్నర పైన. "ఇప్పుడెన్ని?" రెండు లక్షల పదివేలు, రిపోర్టు ఇంట్లో ఉంది. ఆ మూడు అంకెలూ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. స్కాన్ "గడ్డల" సంగతి కూడా అప్పుడే తేల్చాం. నాయనమ్మ మధ్యలో "ఇంక అమ్మకి ఎప్పటికీ ఏం కాదు నాన్నా" అనబోతే ఆపాను. అది మన చేతిలో లేని మాట, వాడికీ ఆ సంగతి తెలుసు. మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్తాం, ఏదైనా అయితే ముందు నీకు మేమే చెప్తాం. ఈ మాట ముగ్గురూ ఇచ్చారు, నాన్న ఫోన్లో.

రెండోది "ఏం కాదుగా?"కి జవాబు మార్చడం. "భయంగా ఉంది కదా, తెలుసు. నువ్వు తట్టుకోగలవు" అని ఒక్కసారి అనాలి, అంతే, తర్వాత పని చూసుకోవాలి. చెప్పినంత తేలిక కాదు. నాయనమ్మ నన్ను నిలదీసింది, "పిల్లాడు బిక్కమొహం వేసుకుని అడుగుతుంటే రాయిలా కూర్చోమంటావా అమ్మా, నువ్వు పిల్లల్ని కన్నావా?" అని. కన్నానండీ, నా కూతురికి నేను కూడా ఏం కాదులే అనే అంటాను అన్నాను. నవ్వింది. ఆవిడ ఒప్పుకున్నది నా వాదన విని కాదు, గింజల గిన్నె చూసి. ఆ గిన్నె బాధ్యత ఆవిడకే ఇచ్చాను. జవాబు మార్చిన మొదటి మూడు రోజులు గింజలు పెరిగాయి, పెరుగుతాయని ముందే చెప్పి ఉంచాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఆపేసేవాళ్ళు.

మూడోది మెట్లు. భయాన్ని పదికి ఎంత అంటే పిల్లలకి సరిగ్గా తెలీదు, కారంలో అయితే తెలుస్తుంది. పెరుగన్నం సున్నా, కొత్తావకాయ పది. అమ్మ వీధి చివర కొట్టుకి వెళ్ళి పది నిమిషాల్లో రావడం ముద్దపప్పు. బజారుకి వెళ్ళి గంట తర్వాత రావడం చారు. ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళడం పచ్చిపులుసు, అందులో మిరపకాయ కొరికితే. స్కూలు గేటు దగ్గర ఆయమ్మ చేతికి అప్పగించి అమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం మిరపకాయ బజ్జీ. రోజంతా కాల్ లేకుండా స్కూల్లో ఉండటం ఆవకాయ. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ రెండు మూడుసార్లు, కారం తగ్గిందని వాడే చెప్పేదాకా.

ప్రతి మెట్టుకీ నోట్‌బుక్కులో రెండు గడులు: ఏం జరుగుతుందనుకుంటున్నావు, ఏం జరిగింది. నాకు గుర్తుండిపోయిన పేజీ ఇది. ఎడమ గడిలో "అమ్మని ఆటోలో తీసుకెల్తారు". కుడి గడిలో "తీసుకెల్లలేదు. బంగాళాదుంపలు తెచ్చింది". అక్షరాలు దిద్దాలనిపించింది, దిద్దలేదు.

మధ్యలో ఒకరోజు భయం ఎందుకొస్తుందో చెప్తూ, మీ వీధి కుక్క దొంగొచ్చినా అరుస్తుంది, పాలబ్బాయొచ్చినా అరుస్తుంది, రోజూ చూస్తే అలవాటైపోతుంది అన్నాను. వాడు వెంటనే, "లేదు మేడం, మా వీధి కుక్క పాలబ్బాయిని రోజూ చూస్తుంది, అయినా రోజూ అరుస్తుంది." నా ఉదాహరణ కూలిపోయింది. మరి మీ అమ్మ పాలు పోయించుకోవడం మానేసిందా అని అడిగాను. లేదన్నాడు. కాసేపాగి, "అరవనీ" అన్నాడు. ఆ తర్వాత పొద్దున్నే నొప్పి వస్తే ఇంట్లో "కుక్క అరుస్తోంది" అనేవారు, బ్యాగ్ తగిలించేవారు. నొప్పి ఉన్నా వెళ్ళొచ్చు అని వాడికి ఎక్కింది అప్పుడే, నా బెలూన్ ఊపిరితో ఎక్కలేదు.

స్కూలుతో పెట్టుకున్న ఒప్పందం చిన్నదే. నొప్పి వస్తే బెంచీ మీద తల పెట్టుకుని పది నిమిషాలు, నీళ్ళు, తర్వాత క్లాసు. జ్వరమో వాంతులో ఉంటేనే ఇంటికి. క్లాస్ టీచర్ చాలా సహకరించారు, అరవై మందిలో ఒకడి కోసం ఆ మాత్రం గుర్తుపెట్టుకోవడం తక్కువ పని కాదు.

ఒక మెట్టు మాత్రం కావాలనే పెట్టలేదు, ఒంటరిగా పడుకోవడం. పుస్తకాల్లో ఈ సమస్య లక్షణాల్లో ఒంటరిగా పడుకోలేకపోవడం ఉంటుంది, కానీ రెండు గదుల ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లాడు అమ్మ పక్కన పడుకోవడం మన దగ్గర జబ్బు కాదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం మాత్రం తగ్గించాం. నాయనమ్మ కట్టించిన తాయెత్తు జోలికి కూడా పోలేదు.

మందుల గురించి అందరూ అడుగుతారు. సైకియాట్రిస్టుతో మాట్లాడి ఉంచాను. 2008లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద స్టడీలో ఆందోళన ఉన్న 488 మంది పిల్లల్ని 12 వారాలు చూశారు, ఇలాంటి థెరపీ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ మందు ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 55, రెండూ కలిపితే 81, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 24 శాతం మంది బాగా మెరుగయ్యారు. అంటే మందు అంటరానిదేం కాదు. వీడు తింటున్నాడు, ఆడుతున్నాడు, మెట్లు ఎక్కుతున్నాడు, అందుకని పది వారాలు చూసి కదలిక లేకపోతే కలుపుదాం అనుకున్నాం. అవసరం రాలేదు.

సంక్రాంతి తర్వాత

జనవరి రెండో వారానికి మిరపకాయ బజ్జీ దాటాడు. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి రోజు ఏడుంపావుకి అసలు నొప్పి, పాత స్థాయిలో. అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది, మొత్తం మొదటికొచ్చింది మేడం అని. నిజం చెప్పాలంటే నాకూ గుండె జారింది, ఒకరోజు సెలవిచ్చేద్దామా అనిపించింది. కానీ ఆ ఒక్కరోజుకి వాడికి అర్థమయ్యేది నొప్పి గెలిచింది అని. మానకుండా, రెండు మెట్లు దిగుదాం అన్నాను, మధ్యాహ్నం దాకా వెళ్ళి వచ్చేయమన్నాం. వెళ్ళాడు. అయిదు రోజుల్లో మళ్ళీ పైకొచ్చాడు. ఇప్పుడు నేను ఏ కేసులోనైనా సెలవులయ్యాక నొప్పి మళ్ళీ రావొచ్చని ముందే చెప్పేస్తున్నాను, సెలవుల్లో కూడా రెండు చిన్న మెట్లు పెడుతున్నాను.

అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా స్కూలుకి వెళ్ళింది వారానికి సుమారు రెండు రోజులే. ఫిబ్రవరిలో నెల మొత్తం మీద మూడు రోజులు పోయాయి, అందులో రెండు నిజం జ్వరం. గింజలు ఆరు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. మొదటి సెషన్లోనే "ఈ మధ్య ఇంట్లో ఎవరైనా హాస్పిటల్లో ఉన్నారా, పిల్లాడికి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు" అని అడుగుతాను. హాస్పిటల్ సంగతి చాలామంది చెప్తారు, పిల్లాడికి ఏం చెప్పారో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది విషయమే కాదు. స్కూలు టైముకి వచ్చే నొప్పికి కారణం స్కూలే అవ్వాలని లేదు, వదిలివచ్చిన ఇల్లు కూడా అవ్వొచ్చు. ఏర్పాటు ఏదైనా చేసేముందు, ఇది రేపు జరగకపోతే పిల్లాడు ఏమవుతాడు అని ఒకసారి అనుకుంటాను, ఆ 10:45 ఫోన్ నేర్పిన పాఠం అది. మీ ఊళ్ళో సైకాలజిస్టు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఏ టైములోనైనా.

జూన్‌లో స్కూళ్ళు తెరిచాక ఒకసారి వచ్చారు. నాన్న కూడా వచ్చాడు. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరినా వాడిని లేపి చెప్పి వెళ్తున్నాడట. మొదట్లో పది నిమిషాలు ఏడ్చేవాడట, మొన్న కళ్ళు తెరవకుండానే "సరే, లైటార్పు" అన్నాడట. ఆ మాట చెప్తూ ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కూడా అనిపించింది నాకు. చింతగింజల గిన్నె సంగతేంటి అని అడిగాను. నాయనమ్మా వాడూ వాటితో వామనగుంటలు ఆడుతున్నారట, ఆవిడ గింజలు కొంగులో దాచేస్తోందని వాడు నాకు కంప్లైంట్ చేశాడు.